కారు సొట్ట మీద పూసే పుట్టీ: నునుపు వెనక వందేళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో ఇంజిన్ లేదు, మైలేజీ లేదు, టాప్ స్పీడ్ అంతకన్నా లేదు. సొట్ట పడిన కారుకి ప్రైమర్ కొట్టే ముందు పూసి, ఆరాక రుద్దే బూడిదరంగు ముద్ద ఉంటుంది చూశారా, దాని చరిత్ర చెప్పుకుందాం. మన షెడ్లలో ఎక్కువమంది పుట్టీ అంటారు, కొందరు మెటల్ పేస్ట్ అంటారు. ఇంటి గోడకి రంగు వేసే ముందు లప్పం ఎందుకు పెడతారో, కారుకి ఇదీ అందుకే. గుంటలు పూడాలి, పైన రంగు నున్నగా కూర్చోవాలి.

ఇంత చిన్న విషయానికి చరిత్ర ఏముంటుంది అనుకోకండి. ఈ ముద్ద మూడుసార్లు మారింది. మారిన ప్రతిసారీ కారు బయటికి రావడానికి పట్టే టైమ్ తగ్గింది. ఆ టైమ్‌కి ధర మాత్రం కారు కొన్నవాడు కట్టలేదు, కంపెనీ కట్టలేదు. కారుని రుద్దినవాడు కట్టాడు, తన ఒంటితో. ఈ రోజు నేను చెప్పాలనుకుంటున్నది ఇదే.

గుర్రబ్బండి రోజుల నుంచి మొదలుపెడదాం. తొలి కార్లు దాదాపుగా ఇంజిన్ పెట్టిన గుర్రబ్బండ్లే. బాడీ చేసినవాళ్లు కూడా బండ్లు కట్టే వడ్రంగులు, పెయింటర్లే. చెక్క చట్రం, దాని మీద చెక్క పలకలో రేకులో. రంగు వేయడం బ్రష్‌తో. నూనె కలిపిన రంగు, దాని మీద వార్నిష్. ఒక పూత ఆరితే తప్ప రెండోది వేయకూడదు, నూనె రంగు ఆరడానికి రోజులు పడుతుంది. కాబట్టి మంచి కారుకి రంగు పని మొత్తం వారాలు పట్టేది.

అప్పటి పుట్టీ ఏంటంటే, తెల్ల సీసం పొడి, నూనె, వార్నిష్ లాంటివి కలిపిన చిక్కటి పూతలు. చెక్కలో సన్నటి రంధ్రాలు, గీతలు పూడ్చడానికి అవి ఒకదాని మీద ఒకటి పూసేవారు. ఆరాక ప్యూమిస్ రాయితో, నీళ్లతో రుద్దేవారు. ప్యూమిస్ అంటే అగ్నిపర్వతం నుంచి వచ్చే బోలు రాయి. కాళ్ల మడమలు రుద్దుకోవడానికి షాపుల్లో అమ్ముతారు, అదే. నీళ్లతో రుద్దినంతసేపు ధూళి లేవదు. తొందర పని పడితేనో, మూలల్లోనో ఉప్పుకాగితంతో పొడిగా రుద్దేవారు. అప్పుడు లేచే ధూళిలో సీసం ఉండేది.

ఆలిస్ హామిల్టన్ అనే డాక్టర్ పేరు ఇక్కడ గుర్తుపెట్టుకోండి. అమెరికాలో పనిచేసే చోట వచ్చే జబ్బుల్ని పట్టుబట్టి వెతికిన తొలితరం డాక్టర్లలో ఆమె ఒకరు. ఫ్యాక్టరీలకీ కార్మికుల ఇళ్లకీ స్వయంగా వెళ్లి, ఎవరికి ఏం జబ్బు ఉందో రాసుకునేది. 1913లో అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల విభాగం ఆమె రాసిన ఒక నివేదిక వేసింది. అది పెయింటర్ల వృత్తి గురించే. పెయింటర్‌కి సీసం ముఖ్యంగా రుద్దినప్పుడు లేచే ధూళి ద్వారా ఒంట్లోకి వెళ్తుందని ఆమె గట్టిగా చెప్పింది. సీసం ఒంట్లో చేరితే రక్తం తగ్గుతుంది, కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంది, నరాలు దెబ్బతిని మణికట్టు వాలిపోతుంది. చేత్తో బతికేవాడికి చెయ్యే లేవదు. 1919లో ఆమె హార్వర్డ్‌లో పాఠం చెప్పిన మొదటి మహిళ అయింది. ఆమె చెప్పిన మాట మాత్రం షెడ్ల దాకా చేరడానికి చాలాకాలం పట్టింది. ఎలాగో ముందు ముందు చూద్దాం.

ఈలోపు ఫోర్డ్ వచ్చాడు. అసెంబ్లీ లైన్ పెట్టాక, 12 గంటలకు పైగా పట్టే మోడల్ టి ఛాసిస్ కూర్పు 1914 నాటికి 93 నిమిషాలకి దిగింది. గంటన్నరలో కారు తయారైతే, రంగుకి వారాలా? ఫోర్డ్ దీనికి తేలిక దారి పట్టాడు. త్వరగా ఆరే నల్ల ఎనామెల్ పూసి, ఓవెన్లలో కాల్చేశాడు. 1914 నుంచి 1925 దాకా మోడల్ టి నలుపులోనే వచ్చింది. రంగుల కార్లు అమ్మాలనుకున్న మిగతా కంపెనీలకి మాత్రం ఆ వారాల తిప్పలు తప్పలేదు. ఆరుతున్న కార్లని పెట్టుకోవడానికే పెద్ద పెద్ద గోడౌన్లు కావాల్సి వచ్చేది.

దీనికి జవాబు తుపాకిమందు వైపు నుంచి వచ్చింది. నైట్రోసెల్యులోజ్ అంటే పత్తిని ఆమ్లాలతో మార్చి చేసే పదార్థం. పొగరాని తుపాకిమందు దానితోనే, పాత సినిమా రీళ్లు కూడా దానితోనే. డ్యూపాంట్ కంపెనీ దాన్ని పల్చటి లాకర్‌గా మార్చింది, పేరు డ్యూకో. 1923లో జనరల్ మోటార్స్ వాళ్ల ఓక్లాండ్ కార్ల మీద నీలిరంగులో అది బయటికొచ్చింది. స్ప్రే చేస్తే గంటల్లో ఆరుతుంది. వారాల పని ఒక్కసారిగా తగ్గిపోయింది.

ఇక్కడే పుట్టీ కథ మలుపు తిరిగింది. పాత నూనె రంగు మందంగా ఉండేది, చిన్న చిన్న లోపాల్ని తనలోనే దాచేసేది. కొత్త లాకర్ పల్చన, పైగా మెరుపు. మెరిసే చోట ప్రతి గుంటా కనిపిస్తుంది. అదే కాలంలో ఎడ్వర్డ్ బడ్ లాంటివాళ్లు పూర్తి ఉక్కు బాడీలు తెచ్చారు. ఉక్కు రేకుల్ని వెల్డింగ్‌తో అతికిస్తే ఆ అతుకు దగ్గర గాడి మిగులుతుంది. టాప్ వచ్చి వెనక పక్క రేకుని కలిసే చోట చూడండి, అలాంటి చోట. ఆ గాడిని దేనితో పూడ్చాలి? నూనె పుట్టీ కుంగిపోతుంది, పగులుతుంది. కాబట్టి లోహాన్ని లోహంతోనే పూడ్చారు. సీసం, తగరం కలిపిన టంకంతో.

ఈ పని ఎలా జరిగేదో చెప్తాను. ఇది మన దగ్గర ఒకప్పుడు వీధుల్లోకి వచ్చి చేసిన పనికి చుట్టం. ఇత్తడి గిన్నెలకి కళాయి పూయడం పెద్దవాళ్లు చూసే ఉంటారు. గిన్నెని నిప్పుల మీద కాచి, నవాసారం చల్లి, తగరం ముక్క రాసి, గుడ్డతో ఒక్క ఊపులో తుడిచేవాళ్లు. లోపలంతా వెండిలా మెరిసేది. నవాసారం పని ఏంటంటే, లోహం మీది పొరని శుభ్రం చేయడం. అప్పుడే తగరం పట్టుకుంటుంది. కారు రేకు మీద టంకం పోయడానికి ముందు చేసే పని కూడా ఇదే. రేకుని తెల్లగా గీకి, ఫ్లక్స్ రాసి, వేడి చేసి, పల్చగా తగరపు పూత వేస్తారు. ఆ పూత లేకుండా సీసం పోస్తే తామరాకు మీద నీటిబొట్టే, జారిపోతుంది.

దాని తర్వాత అసలు విద్య. 70 పాళ్లు సీసం, 30 పాళ్లు తగరం ఉన్న కడ్డీని తీసుకుంటారు. ఈ మిశ్రమానికి ఒక గుణం ఉంది. 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, కానీ దాదాపు 255 డిగ్రీలు వచ్చేదాకా పూర్తిగా నీరు కాదు. ఆ మధ్యలో వెన్నముద్దలా ఉంటుంది. ఆ వెన్న స్థితిలో ఉండగానే చెక్క తెడ్డుతో దాన్ని రేకు మీద పరచాలి. తెడ్డుకి అంటుకోకుండా తేనెమైనమో కొవ్వో రాస్తారు. మంట కొంచెం ఎక్కువైతే ముద్దంతా కారి నేలమీద పడుతుంది. ఇంకాస్త ఎక్కువైతే రేకే వంకర పోతుంది. నిలువుగా ఉన్న తలుపు మీద, ఒక చేత్తో మంట, ఇంకో చేత్తో తెడ్డు పట్టుకుని ఈ పని చేయడం ఊహించుకోండి. ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిన పని ఇది.

చల్లారాక వంపు పళ్ల ఆకురాయితో రాపాడి నునుపు చేస్తారు. అలా చేసిన అతుకు దశాబ్దాలు నిలిచింది. కంపెనీ లైన్లలోనే ఇలా చేసేవారు. కొత్త కారులోనే సీసం ఉండేదన్నమాట.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాలిఫోర్నియా కుర్రాళ్లు దీన్నొక కళ చేశారు. కారు టాప్ కోసి కిందికి దించడం, హ్యాండిళ్లు పీకేయడం, అతుకులన్నీ సీసంతో మాయం చేయడం. ఎంత సీసం ఎక్కించేవారంటే, ఆ కార్లకి లెడ్ స్లెడ్ అని పేరొచ్చింది. సీసపు బండి అనుకోండి. ఆ మిశ్రమం ఉక్కు కంటే బరువు మరి. 1949 మోడల్ మెర్క్యురీ వాళ్ల ముద్దుల కారు. సామ్ బారిస్, జార్జ్ బారిస్ అనే అన్నదమ్ములు ఈ పనిలో పెద్ద పేర్లు. జార్జ్ బారిస్ పేరు మీకు ఇంకోలా తెలిసి ఉండొచ్చు. 1966 టీవీ సీరియల్‌లో బ్యాట్‌మ్యాన్ తిరిగిన కారు తయారైంది ఆయన షెడ్డులోనే.

ఫొటోల్లో ఆ కార్లు అద్భుతంగా ఉంటాయి. ఫొటోలో కనపడనిది ధూళి. ఆకురాయితో రాపాడితే సీసం ముక్కలు ముక్కలుగా నేల మీద పడుతుంది, ఊడ్చేయొచ్చు. అందుకే జాగ్రత్త తెలిసిన పాత పనివాళ్లు సీసం మీద కరెంటు గ్రైండర్ పెట్టేవాళ్లు కాదు. అసెంబ్లీ లైన్‌కి అంత ఓపిక ఉండదు. అక్కడ గ్రైండర్ తిరిగింది, సన్నటి ధూళి లేచింది. హామిల్టన్ 1913లో చెప్పిన మాటే మళ్లీ నిజమైంది. పనివాడు ఆ ధూళి పీల్చడమే కాదు, బట్టల మీద ఇంటికి కూడా మోసుకెళ్తాడు. ఆ ఇంట్లో పిల్లలుంటారు. సీసం వయసు చూడదు, చిన్నపిల్లల మెదడుకి మరీ ప్రమాదం. ఒకసారి ఎముకల్లో చేరితే ఏళ్లకేళ్లు అక్కడే కూర్చుంటుంది.

కార్ల ఫ్యాక్టరీలు ఈ రాపిడి పనిని విడి బూత్‌లలోకి మార్చి, లోపలి పనివాళ్లకి బయటి నుంచి గాలి అందే ముసుగులు పెట్టాల్సి వచ్చింది. 1978లో అమెరికా ప్రభుత్వం పక్కా హద్దు పెట్టింది. 8 గంటల షిఫ్టులో సగటున, ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించి సీసం ఉండకూడదు. 1913 నుంచి 1978, అంటే 65 ఏళ్లు. విషయం తెలియక పట్టిన ఆలస్యం కాదు ఇది. తెలిసిన విషయాన్ని రూలుగా మార్చడానికి పట్టిన ఆలస్యం.

చిన్న షెడ్లలో సీసాన్ని పక్కకి నెట్టింది మాత్రం రూలు కాదు, ఒక ప్లాస్టిక్. యుద్ధకాలంలో పాలిస్టర్ రెజిన్, గాజు నార కలిపి గట్టి వస్తువులు చేయడం నేర్చుకున్నారు. 1953లో షెవర్లే కార్వెట్ కారుకి బాడీ మొత్తం దానితోనే చేశారు. ఆ మొదటి ఏడాది 300 కార్లు వచ్చాయి. అదే దశాబ్దంలో ఆ రెజిన్‌లో గాజు నారకి బదులు టాల్క్ పొడి కలిపి, ముద్దగా డబ్బాల్లో అమ్మడం మొదలైంది. టాల్క్ అంటే మనం మొహానికి రాసుకునే పౌడర్‌లో ఉండే మెత్తటి రాయి. అమెరికాలో బాండో అనే బ్రాండు పేరు చివరికి ఈ ముద్దకే పేరైపోయింది, మన దగ్గర వనస్పతి అంతా డాల్డా అయినట్టు. 2007లో ఆ కంపెనీని 3ఎం కొనేసింది.

ఇది ఎలా గట్టిపడుతుందో తెలిస్తే, సీసం ఎందుకు ఓడిపోయిందో అర్థమవుతుంది. డబ్బాలో ఉన్నది స్టైరీన్ అనే ద్రవంలో కరిగిన రెజిన్. దానికి ట్యూబ్‌లోంచి హార్డెనర్ కొంచెం కలుపుతారు, బరువులో సుమారు 2 శాతం. హార్డెనర్‌లో ఉన్న పెరాక్సైడ్ చర్యని మొదలుపెడుతుంది, స్టైరీన్ వంతెనలా మారి రెజిన్ గొలుసుల్ని ఒకదానికొకటి కట్టేస్తుంది. అయిదారు నిమిషాల్లో ముద్ద బిగుస్తుంది, చేతికి వేడి తెలుస్తుంది. హార్డెనర్‌కి ఎరుపో నీలమో రంగు వేసేది అందం కోసం కాదు. రంగు అంతటా ఒకేలా కలిస్తే మందు కలిసినట్టు, చారలు కనపడితే కలవనట్టు. రోహిణి కార్తె ఎండలో అయితే కలిపేలోపే బిగుసుకుంటుంది. ఎక్కువ హార్డెనర్ వేస్తే ఎక్కువ గట్టిపడుతుందనుకోవడం తప్పు. మిగిలిపోయిన పెరాక్సైడ్ తర్వాత పై రంగులోకి ఎక్కి మరకలు తెస్తుంది.

మన షెడ్లలో ఎన్‌సీ పుట్టీ అని ఇంకోటి వింటారు. ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజే, ఇందాకటి డ్యూకో లాకర్‌కి బంధువు. అది ఆరడమంటే అందులోని థిన్నర్ గాలిలో కలిసిపోవడమే. పోయిన థిన్నర్ మేరకి ముద్ద కుంగుతుంది. అందుకే దాన్ని సన్నగీతలకి, పిన్ను మొన అంత రంధ్రాలకి మాత్రమే వాడతారు. పాలిస్టర్ పుట్టీ రసాయన చర్యతో గట్టిపడుతుంది కాబట్టి కుంగడం చాలా తక్కువ. లోతు ఉన్నచోట అదే వాడాలి.

మంట లేదు, తెడ్డు లేదు, ఏళ్ల శిక్షణ లేదు. అరగంటలో రుద్దడానికి సిద్ధం. సీసంతో పూట పట్టే పని ఇలా అయిపోయింది. ఇక్కడే ఒక విద్య నెమ్మదిగా పలచబడింది. సీసం పోసేవాడు ముందు సుత్తి, దిమ్మె పట్టుకుని రేకుని వీలైనంత యథాస్థానానికి తెచ్చేవాడు. ఎందుకంటే సీసం ఖరీదు, బరువు, కష్టం. మన దగ్గర టింకరింగ్ అంటున్నది ఈ పనినే. పుట్టీ చవక, తేలిక కావడంతో సుత్తి పని మానేసి గుంటంతా ముద్దతో నింపేయొచ్చు అనే ఆశ పుట్టింది. పైన పటారం, లోన లొటారం.

అలాగని పుట్టీ అంటేనే మోసం అనుకోకండి. టింకరింగ్ బాగా చేసి, పైన మిల్లీమీటరో రెండో పుట్టీ పూస్తే అది పద్ధతైన పనే. పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లు దాటకూడదన్నది మామూలుగా అందరూ చెప్పే హద్దు. దానికి కారణముంది. ఎండకి ఉక్కు వ్యాకోచించే కొలత వేరు, పాలిస్టర్‌ది వేరు. మందం పెరిగేకొద్దీ ఆ తేడా అంచుల దగ్గర పగులుగా బయటపడుతుంది. ఇంకో విషయం, ఈ ముద్ద నీళ్లు పీలుస్తుంది. అందుకే దాన్ని పొడిగానే రుద్దాలి, రుద్దాక ప్రైమర్ లేకుండా వదలకూడదు. వదిలితే తేమ లోపలికి దిగి రేకు తుప్పు పడుతుంది, కొన్ని నెలలకి రంగు బుడగలా లేస్తుంది.

పొడిగానే రుద్దాలి అన్నాను కదా. ఇప్పుడు మొదటికి వచ్చాం. ముందు 80 నంబరు కాగితం, తర్వాత 180, తర్వాత 320. ప్రతి దశలోనూ ధూళి. సీసం పోయింది, నిజమే, అది పెద్ద లాభం. కానీ ఈ ధూళిలో టాల్క్, గట్టిపడిన రెజిన్ ఉన్నాయి. కలిపేటప్పుడు ముక్కుకి తగిలే ఘాటు వాసన స్టైరీన్‌ది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో స్టైరీన్‌ని, 2024లో టాల్క్‌ని మనుషులకి క్యాన్సర్ తెచ్చే అవకాశం ఎక్కువున్న వాటి జాబితాలో పెట్టింది. ఇది సీసమంత ప్రమాదమని నేను అనడం లేదు. రోజూ ఎనిమిది గంటలు, ఏళ్ల తరబడి పీల్చాల్సిన గాలి మాత్రం కాదు.

పెద్ద సర్వీస్ సెంటర్లలో ధూళిని అక్కడికక్కడే లాగేసే సాండర్లు ఉంటాయి. విజయవాడ ఆటోనగర్‌కో, మీ ఊరి బైపాస్ పక్క షెడ్డుకో వెళ్లి చూడండి. చాలాచోట్ల ఒక కుర్రాడు మూతికి కర్చీఫ్ కట్టుకుని రుద్దుతుంటాడు. కర్చీఫ్ సన్నటి ధూళిని ఆపదు. వాడి వయసు మీ వయసే అయి ఉంటుంది.

మనం చేయగలిగింది ఏమైనా ఉందా? రెండు ఉన్నాయి. మీ కారు రిపేరుకి ఇచ్చినప్పుడు "ఇవాళ సాయంత్రానికే కావాలి" అని పట్టుబట్టకండి. ఆ తొందరలో మొదట ఎగిరిపోయేది టింకరింగ్, తర్వాత మాస్కు. రెండోది, టింకరింగ్ అయ్యాక పుట్టీ పెట్టకముందు ఒక ఫొటో తీసి పంపమని అడగండి. ఆ రేకు ఎంతవరకు సరిచేశారో కళ్లకి కనపడుతుంది, మంచి పనివాడు ఆనందంగా పంపుతాడు. ఇక పాత కారు కొనేవాళ్లకి: పల్చటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. మందంగా పుట్టీ ఉన్నచోట పట్టు తగ్గుతుంది. బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాల మీద, అల్యూమినియం మీద ఇది పనిచేయదు, గుర్తుంచుకోండి.

ఒక్క మాటతో ముగిస్తాను. ధూళిని ఆపగలిగే మాస్కులు మార్కెట్లో దొరుకుతున్నాయి, రిపేరు బిల్లు ముందు వాటి ఖర్చు లెక్కలోకి రాదు. హామిల్టన్ రోజుల్లో అవి లేవు అనుకోవచ్చు. ఇప్పుడు ఉన్నాయి. ఈసారి షెడ్డుకి వెళ్లినప్పుడు, రుద్దే కుర్రాడి మొహానికి ఏం కట్టి ఉందో ఒకసారి చూసి, కర్చీఫే అయితే ఆ సంగతి ఓనర్‌తో మాట్లాడండి.